మూసీ నీళ్ల నుంచి మూత్రం సీసా దాకా

మందులు, మత్తుపదార్థాల ఆనవాళ్లను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ఎలా పడతారో పోయిన సంచికలో రాశాం. ఉత్తరాలు బాగానే వచ్చాయి. యంత్రం ధర ఎంతని అడిగినవాటిని పక్కన పెట్టి, పదిమందికి పనికొచ్చేవి ఇక్కడ తీసుకున్నాం.

ఉద్యోగంలో చేరే ముందు చేసిన మూత్ర పరీక్షలో, స్ట్రిప్పు మీద ‘ఓపియేట్స్’ పాజిటివ్ వచ్చింది. ముందు రోజు గసగసాలు దట్టంగా వేసిన కోడికూర తిన్నాను, దగ్గు మందు కూడా తాగాను. మాస్ స్పెక్ పరీక్ష చేయిస్తే బయటపడతానా? (మెహిదీపట్నం నుంచి ఒక పాఠకుడు)

బయటపడొచ్చు, పడకపోవచ్చు. స్ట్రిప్పులో ఉండేది యాంటీబాడీ. మార్ఫిన్ పోలికలున్న అణువు ఏది ఎదురైనా అది పట్టేసుకుంటుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ అలా పోలికను బట్టి పోదు. అణువును తూస్తుంది, విరగ్గొడుతుంది, ముక్కల్ని మళ్లీ తూచి పేరు చెబుతుంది. అయితే మీ మూత్రంలో మార్ఫిన్ నిజంగానే ఉంటే ఉందనే చెబుతుంది. గసగసాల్లో మార్ఫిన్ ఉంటుంది మరి. కాయ నుంచి కారే పాలు గింజల పైపొరకు అంటుకుని వంటింటి దాకా వస్తాయి. కడిగి వేయిస్తే తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. అమెరికాలో ఉద్యోగ పరీక్షలకు ఓపియేట్ హద్దును 1998లో మి.లీ.కి 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచడానికి ముఖ్య కారణం ఈ గసగసాలే.

మీరు తాగిన దగ్గు మందు సీసా మీద కొడీన్ అని ఉందో, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అని ఉందో ముందు చూడండి. కొడీన్‌లో కొంత భాగం ఒంట్లోనే మార్ఫిన్‌గా మారుతుంది. అప్పుడు రిపోర్టులో రెండూ కనిపిస్తాయి, మొదట్లో కొడీన్ పాలు ఎక్కువగా ఉంటుంది. హెరాయిన్ అయితే అది ఒంట్లో విరిగినప్పుడు పుట్టే 6-మోనో ఎసిటైల్ మార్ఫిన్ అనే ముక్క రావాలి. గసగసాల నుంచి గానీ కొడీన్ నుంచి గానీ అది పుట్టదు, కాబట్టి కనబడితే తప్పించుకునే దారి లేదు. కానీ అది కొద్ది గంటలకే మాయమవుతుంది. కనబడలేదు కాబట్టి హెరాయిన్ కాదు అనడానికీ లేదు.

మీరు చేయాల్సింది: రెండో సీసా నమూనా దాచి ఉందా అని అడగండి. ఆ నమూనాకే నిర్ధారణ పరీక్ష చేయమని రాతపూర్వకంగా కోరండి. రిపోర్టులో మార్ఫిన్, కొడీన్, 6-మోనో ఎసిటైల్ మార్ఫిన్ మూడింటికీ విడివిడిగా అంకెలు ఇమ్మనండి. క్రియాటినిన్ కూడా చూడండి. అది డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే మూత్రం పలచబడిందని అర్థం, అప్పుడు మిగతా అంకెలకు బలం తగ్గుతుంది. మందు చీటీ ఉంటే జత చేయండి. అణువు పేరు యంత్రం చెబుతుంది గానీ, అది కూరలోంచి వచ్చిందా, సిరంజిలోంచి వచ్చిందా అన్నది మనిషే తేల్చాలి.

పదేళ్లుగా హెచ్‌పీఎల్‌సీ మీద పని చేస్తున్నాను. మా ఫాస్ఫేట్ బఫర్ మెథడ్‌ను అలాగే ఎల్‌సీ-ఎంఎస్ మీదికి ఎక్కించవచ్చా? (జీడిమెట్ల నుంచి ఒక క్యూసీ కెమిస్టు)

దయచేసి ఆ సీసాను యంత్రం దగ్గరికి తీసుకెళ్లకండి. హెచ్‌పీఎల్‌సీ ద్రవంలోని పదార్థాల్ని కాలమ్ అనే గొట్టంలో విడదీసి యూవీ వెలుతురుతో చూస్తుంది. ఎల్‌సీ-ఎంఎస్‌లో ఆ వెలుతురు బదులు మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటుంది. యూవీ డిటెక్టర్‌కు ఫాస్ఫేట్ కనబడదు, అందుకే ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. ఇందులో ద్రవం సన్నని తుంపరగా మారి, ఆవిరై, అయాన్లు (విద్యుదావేశం ఉన్న అణువులు) గాల్లోకి రావాలి. ఫాస్ఫేట్ ఆవిరి కాదు. యంత్రం నోటి దగ్గరి కోన్ మీద తెల్లగా పేరుకుపోతుంది, సిగ్నల్ గంటగంటకూ జారిపోతుంది. ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లం ఆవిరవుతుంది గానీ అయాన్లను జంట కట్టుకుని వదలదు. ట్రైఇథైలమీన్ అయితే పాజిటివ్ మోడ్‌లో బరువు 102 దగ్గర గోడలా నిలబడి, ఎంత కడిగినా వారాల తరబడి పోదు.

వాటి బదులు 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం, అవసరమైతే 5–10 మిల్లీమోలార్ అమ్మోనియం ఫార్మేట్ వాడండి. పీహెచ్ 7 కావాలని అమ్మోనియం ఎసిటేట్ పోస్తుంటారు. ఆ లవణానికి అక్కడ బఫర్ బలం దాదాపు లేదు, దాని పట్టు 4.8 దగ్గరా 9.2 దగ్గరా ఉంటుంది. 4.6 మి.మీ. కాలమ్‌లో నిమిషానికి 1 మి.లీ. పంపే అలవాటు ఉంటే, 2.1 మి.మీ. కాలమ్‌లో 0.2–0.4 మి.లీ.కి దిగండి. మొదటి నిమిషం, నిమిషంన్నర ప్రవాహాన్ని డైవర్ట్ వాల్వ్‌తో వ్యర్థంలోకి మళ్లించండి. లవణాలన్నీ అప్పుడే బయటికి వస్తాయి.

మాస్ ఉంది కదా, కాలమ్ పొట్టిదైనా ఫర్వాలేదు అనుకోవద్దు. మెథాంఫిటమిన్, ఫెంటర్మిన్ రెండూ 150 దగ్గరే కనిపిస్తాయి, రెండూ విరిగి 91 ఇస్తాయి. 119 ముక్క మెథాంఫిటమిన్‌ది, 133 ఫెంటర్మిన్‌ది. మార్ఫిన్, హైడ్రోమార్ఫోన్ రెండూ 286. ఇలాంటి కవలల్ని కాలమ్‌తోనే విడదీయాలి.

మూసీ నీళ్లలో యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రల ఆనవాళ్లు కొలవాలి. ప్రాజెక్టుకు నాలుగు నెలలే ఉంది. నమూనా తీయడం నుంచి ఇంజెక్షన్ దాకా వరుసగా చెప్పగలరా? (ఉప్పల్ నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని)

నాలుగు నెలల్లో మూడు నెలలు నమూనా తయారీకే పోతాయని ముందే ఒప్పుకోండి. నల్లని, అంటే ముదురు గోధుమరంగు గాజు సీసా ఒక లీటరుది తీసుకోండి. మిథనాల్‌తో, తర్వాత శుద్ధజలంతో కడిగి ఆరబెట్టండి. సిప్రోఫ్లాక్సాసిన్ వెలుతురుకు విరిగిపోతుంది కాబట్టి రంగు సీసా తప్పనిసరి. ఆ కుటుంబం మందులు గాజు గోడకూ కొంత అంటుకుంటాయి. వాటి మీదే గురి ఉంటే రేకు చుట్టిన పాలీప్రొపిలీన్ సీసా మేలు. ఒడ్డున నిలిచిన నీళ్లు వద్దు, పారే చోట ముంచండి. ఐసు పెట్టెలో పెట్టి తెచ్చి, 4 డిగ్రీల దగ్గర ఉంచి, 24 గంటల్లోపు వడపోసి కార్ట్రిడ్జ్ (నీళ్లలోని మందుల్ని పట్టి ఉంచే చిన్న గొట్టం) ఎక్కించండి. ఆ తర్వాతి పని ఆలస్యమయ్యేటట్టుంటే నమూనాను కాకుండా ఎక్కించి ఆరిన కార్ట్రిడ్జ్‌నే ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

నది దగ్గరికి ఒక సీసా శుద్ధజలం తీసుకెళ్లి, అక్కడ మూత తీసి, నమూనా సీసాలోకి ఒంపి వెనక్కి తెండి. అది ఫీల్డ్ బ్లాంక్, అంటే మందు మన వల్ల చేరిందేమో సరిచూసే ఖాళీ నమూనా. ఇరానీ చాయ్ తాగిన చేత్తో సీసా మూత తీస్తే బ్లాంక్‌లో కెఫీన్ దొరుకుతుంది. ఆ రోజు మీరు పారాసెటమాల్ వేసుకున్నా, మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాసుకున్నా నోట్‌బుక్‌లో రాసుకోండి. మూసీదనుకున్న డైక్లోఫెనాక్ మీ వేళ్లదే కావచ్చు.

వడపోతకు 0.7 మైక్రాన్ గ్లాస్ ఫైబర్ కాగితం వాడండి. నైలాన్ చాలా మందుల్ని పీల్చేస్తుంది. వడపోసిన 500 మి.లీ.లో అర గ్రాము డైసోడియం ఈడీటీఏ కలపండి. మన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం జాస్తి, ఈడీటీఏ వాటిని ముందే కట్టేస్తుంది. లేకపోతే టెట్రాసైక్లిన్లు, ఫ్లోరోక్వినొలోన్లు (సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం) వాటిని గట్టిగా పట్టుకుని కార్ట్రిడ్జ్‌లో ఆగకుండా జారిపోతాయి. పీహెచ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 3కు తెచ్చి, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) గుర్తు ఉన్న అంతర్గత ప్రమాణాల్ని, అంటే తెలిసిన మోతాదులో వేసి పోల్చుకునే అదే మందుల్ని, ఇక్కడే, కార్ట్రిడ్జ్‌కు ముందే వేయండి. చివర్లో ఇంజెక్షన్ సీసాలో వేస్తే మధ్యలో పోయినదాని లెక్క ఎప్పటికీ తెలియదు. ఈ తప్పు చాలా థీసిస్‌లలో ఉంది.

200 మిల్లీగ్రాముల హెచ్‌ఎల్‌బీ కార్ట్రిడ్జ్‌ను 5 మి.లీ. మిథనాల్‌తో, తర్వాత 5 మి.లీ. అదే పీహెచ్ నీళ్లతో తడపండి. నమూనాను నిమిషానికి 5 మి.లీ. మించకుండా పంపండి. తొందరపడి వాక్యూమ్ పెంచితే మందులు ఆగవు. 5 శాతం మిథనాల్ నీళ్లు 5 మి.లీ.తో కడిగి, వాక్యూమ్‌లో 15 నిమిషాలు ఆరబెట్టండి. తడి మిగిలితే తర్వాతి ఆవిరి మెట్టు గంటలు పడుతుంది. రెండు విడతలు, ఒక్కోసారి 4 మి.లీ. మిథనాల్‌తో దించండి. 40 డిగ్రీల దగ్గర నైట్రోజన్ కింద ఆరబెట్టి, తొమ్మిది పాళ్లు ఆమ్లజలం, ఒక పాలు మిథనాల్ ఉన్న 1 మి.లీ. ద్రవంలో కలపండి. జాబితాలో ఆంఫిటమిన్లు ఉంటే ఆరబెట్టే ముందు మిథనాల్‌లో కలిపిన 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేయండి. లేకపోతే అవి నైట్రోజన్‌తో పాటే ఎగిరిపోతాయి. గొట్టం అడుగున పసుపు జిగురు మిగులుతుంది, భయపడకండి. అది మూసీ ఇచ్చే హ్యూమిక్ ఆమ్లాలు, సబ్బులు. అసలు చిక్కు మాత్రం దానితోనే.

500 మి.లీ.ని 1 మి.లీ. చేస్తే మందు 500 రెట్లు చిక్కబడుతుంది, చెత్తా అంతే చిక్కబడుతుంది. తుంపరలో ఆ చెత్త అయాన్లతో పోటీపడి మందు గొంతు నొక్కేస్తుంది. దీన్ని అయాన్ సప్రెషన్ అంటారు. కొలిచే పద్ధతి సులువే. శుద్ధ ద్రావకంలో ప్రమాణం వేస్తే పీక్ వైశాల్యం 1,00,000 వచ్చిందనుకోండి. అదే మోతాదును తయారైన మూసీ సారంలో చివర్లో వేసి, సారం సొంత సిగ్నల్ తీసేస్తే 40,000 వచ్చింది. అంటే 60 శాతం నొక్కుడు. కార్ట్రిడ్జ్‌కు ముందే వేస్తే 30,000 వచ్చింది. అప్పుడు రికవరీ, అంటే కార్ట్రిడ్జ్ దాటి చేతికొచ్చిన భాగం, 40,000కు 30,000, అంటే 75 శాతం. ఈ రెండింటినీ కలిపేసి ‘రికవరీ 30 శాతం’ అని రాస్తే తప్పు ఎక్కడుందో తెలియక కార్ట్రిడ్జ్‌లు మార్చుకుంటూ కూర్చుంటారు. సప్రెషన్ ఎక్కువుంటే సారాన్ని పదింతలు పలచన చేసి చూడండి. చాలాసార్లు పీక్ పదో వంతుకు పడిపోదు, అంతకన్నా పైనే ఆగుతుంది.

ప్రతి మందుకూ రెండు ముక్కలు చూడాలి. (332 → 288 అంటే 332 బరువున్న అయాన్ విరిగి 288 బరువున్న ముక్క ఇవ్వడం.) సిప్రోఫ్లాక్సాసిన్‌కు 332 → 288తో పాటు 332 → 231, కార్బమజెపీన్‌కు 237 → 194తో పాటు 237 → 192. రెండు ముక్కల నిష్పత్తి ప్రమాణంలో ఎంతుందో నమూనాలోనూ మీరు పెట్టుకున్న హద్దులో ఉండాలి. మామూలుగా 20–30 శాతం తేడా దాకా ఒప్పుకుంటారు. కాలమ్ నుంచి బయటికొచ్చే సమయమూ కలవాలి. ఒక్క ముక్క కనబడితే పేరు రాయకండి.

అంతర్గత ప్రమాణం కొనేటప్పుడు ఒక మాట. మందులో క్లోరిన్ ఉంటే బరువు రెండు పెరిగిన సహజ ఐసోటోపు కూడా ఉంటుంది, దాని పక్కన మూడు పెరిగినదీ కొంత ఉంటుంది. డి-3, అంటే మూడు డ్యుటీరియంలతో బరువు మూడు పెంచిన ప్రమాణం వాడితే మందు సిగ్నలే ప్రమాణం గదిలోకి కారుతుంది. అల్ప్రాజోలంకు డి-5, కీటమిన్‌కు డి-4 వాడేది అందుకే.

ఇదే పద్ధతితో పటాన్‌చెరు వైపు వాగు నీళ్లూ చూడొచ్చా? (రామచంద్రాపురం నుంచి)

వద్దు. అక్కడ కార్ట్రిడ్జ్ అవసరమే రాకపోవచ్చు. పటాన్‌చెరు ప్రాంతంలో సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలం అప్పట్లో చేరిన ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. మామూలు నదుల్లో ఈ మందును లీటరుకు నానోగ్రాముల్లో వెతుకుతాం. 31 మిల్లీగ్రాములంటే 3 కోట్ల 10 లక్షల నానోగ్రాములు. అలాంటి నీళ్లను 500 రెట్లు చిక్కబరిచి ఎక్కిస్తే డిటెక్టర్ నిండిపోతుంది, కాలమ్ నుంచి సూది దాకా అంతా సిప్రో పూసుకుంటుంది. ఆ తర్వాత పెట్టిన ప్రతి మూసీ నమూనాలోనూ, చివరికి బ్లాంక్‌లోనూ అదే కనిపిస్తుంది.

తెలియని వాగు నీళ్లను మొదట 1,000 రెట్లు పలచన చేసి ఒక్క ఇంజెక్షన్ ఇవ్వండి. ఏమీ లేకపోతే 100కు, తర్వాత 10కి దిగండి. ఎక్కువున్న నమూనా తర్వాత రెండు బ్లాంక్‌లు, సూదికి ఆమ్లం కలిపిన మిథనాల్ కడుగు పెట్టండి. వాగువీ నదివీ ఒకే రోజు, ఒకే బల్ల మీద తయారుచేయకండి. పిపెట్ టిప్పులే కాదు, నైట్రోజన్ సూదులు కూడా మోసుకెళ్తాయి.

మా ఇంట్లో ఒకరు రోజూ కల్లు తాగుతారు. ఒకపూట తాగకపోతే చేతులు వణుకుతున్నాయి. కల్లులో మందు కలుపుతున్నారేమో ఎలా తెలుస్తుంది? (మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు)

ముందు పరీక్ష సంగతి కాదు, మనిషి సంగతి. అల్ప్రాజోలం, వాడుకలో డైజోఫాం అనే డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్‌లతో కల్తీ కల్లు తయారుచేయడం తెలంగాణలో పాత జబ్బే. వీటికి అలవాటుపడ్డ ఒళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకుతో ఆగదు, మూర్ఛలు రావచ్చు. ఇంట్లో కట్టడి చేసి మాన్పించకండి. ఈ వారమే డాక్టర్‌కు చూపించి, తాగేది కల్లు అని దాచకుండా చెప్పండి. మూర్ఛ వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా వెంటనే ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక ప్రయోగశాల పని. కల్లు సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది. గట్టిగా మూత బిగిస్తే పగులుతుంది. ముప్పావు మాత్రమే నింపి వెంటనే చల్లబరచాలి. పరీక్షకు ముందు సోనికేటర్‌లో 10 నిమిషాలు ఉంచి గ్యాసు పోగొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేటను 100 నుంచి 1,000 రెట్లు పలచన చేస్తే చాలు. అల్ప్రాజోలం 309 → 281, 309 → 205 దగ్గర కనిపిస్తుంది. ఇది సులువైన పరీక్షే. క్లోరల్ హైడ్రేట్ మాత్రం ఈ యంత్రంలో చక్కగా అయాన్ కాదు. దానికి హెడ్‌స్పేస్ జీసీ-ఎంఎస్ (సీసాలో పైన చేరిన ఆవిరిని తీసి, విడదీసి తూచే యంత్రం) కావాలి. ఎల్‌సీ-ఎంఎస్ ఒక్కటే చేసి ‘కల్తీ లేదు’ అని రాసిచ్చిన రిపోర్టును నమ్మకండి.

మనిషి మూత్రంలో అయితే అసలు మందు కన్నా ఆల్ఫా-హైడ్రాక్సీ అల్ప్రాజోలంను, 325 → 297 దగ్గర, వెతకాలి. అది గ్లూకురోనైడ్ తొడుగు వేసుకుని బయటికొస్తుంది. 1 మి.లీ. మూత్రానికి పీహెచ్ 5 దగ్గర ఎసిటేట్ బఫర్, బీటా-గ్లూకురోనిడేజ్ ఎంజైమ్ కలిపి, నత్తల నుంచి తీసిన రకమైతే 55–60 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి. ఈ మెట్టు వదిలేస్తే మందు ఉన్న మూత్రం కూడా ఖాళీగా కనిపిస్తుంది. తొడుగు విప్పారో లేదో తెలియడానికి, గ్లూకురోనైడ్ రూపంలోనే కొన్న ప్రమాణాన్ని ఒక నమూనాలో వేసి పక్కనే నడపాలి.

మురుగునీళ్లను పరీక్షించి ఏ వీధిలో మత్తుమందు వాడుతున్నారో చెప్పేస్తారట, నిజమేనా? (అంబర్‌పేట నుంచి)

వీధి కాదు, శుద్ధి కేంద్రానికి మురుగు పంపే ప్రాంతమంతటికీ కలిపి ఒక అంకె. ఇటలీలో పో నది నీళ్లలో కొకైన్ ఒంట్లో విరిగినప్పుడు పుట్టే ముక్క బెంజాయిల్ ఎక్గోనిన్‌ను కొలిచి 2005లో ఈ లెక్క చేసి చూపించారు. మీ అంబర్‌పేట పాత శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. ఉదాహరణకు లీటరుకు 50 నానోగ్రాములు దొరికితే రోజుకు సుమారు 17 గ్రాముల బెంజాయిల్ ఎక్గోనిన్ అన్నమాట. (ఈ 50 లెక్క కోసం అనుకున్నది, కొలిచింది కాదు.) దాన్ని మోతాదులుగా మార్చాలంటే ఒంట్లోకి వెళ్లిన కొకైన్‌లో ఎంత భాగం ఈ రూపంలో బయటికొస్తుందో, మురుగు ఎంతమందిదో తెలియాలి. నాలాల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి పోయేది లెక్కలోకి రాదు. వానాకాలంలో ప్రవాహం అంకె తప్పితే అంతా తప్పుతుంది. ఒక్క సీసా ముంచి తెస్తే చాలదు, 24 గంటల పాటు ప్రవాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తీసి కలపాలి.

మన ఊరికి మరో చిక్కుంది. మందులు తయారయ్యే నగరం ఇది. మురుగులో అసలు మందు దొరికితే ఎవరో మింగారనే కాదు, ఏదో రియాక్టర్ కడిగారని కూడా కావచ్చు. ఒంట్లోంచి వచ్చిందని చెప్పాలంటే ఒంట్లో మాత్రమే పుట్టే ముక్కను చూడాలి. ఉదాహరణకు కార్బమజెపీన్ పక్కన దాని డైహైడ్రాక్సీ రూపం. అసలు మందు బోలెడుండి ముక్క లేకపోతే అనుమానం ఇళ్ల మీద కాదు, గొట్టం ఎగువనున్న గోడల మీద పడాలి.

రిపోర్టులో ‘ఎన్‌.డి.’ అని ఉంది. సున్నా అనుకోవచ్చా? (నాచారం నుంచి)

అనుకోకూడదు. అది ‘నాట్ డిటెక్టెడ్’, అంటే ఆ పద్ధతి పట్టగల కనీస స్థాయి కన్నా తక్కువ అని మాత్రమే. ఆ స్థాయి ఎంతో రిపోర్టులో లేకపోతే అడగండి. 1 నానోగ్రాము దాకా చూసిన ఎన్‌.డి.కీ, 500 దగ్గరే ఆగిన ఎన్‌.డి.కీ పోలిక లేదు.

యాదగిరిగుట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చాను. ఇప్పుడు జుట్టు పరీక్ష అంటున్నారు. ఏం చేస్తారు? (ఘట్‌కేసర్ నుంచి)

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తల వెనక భాగంలో కుదుళ్ల నుంచి 3 సెంటీమీటర్లు కోస్తే మూడు నెలల చరిత్ర. పైన అంటిన పొగ, చెమట పోయేలా డైక్లోరోమీథేన్‌తో కడిగి, పొడి చేసి 20–50 మిల్లీగ్రాములు తీసుకుంటారు. గుండు చేయించుకుంటే అంత పొడవు రాదు కాబట్టి ఛాతీ, కాళ్ల వెంట్రుకలు తీస్తారు. అవి ఏ నెలలో మొలిచి ఏ నెలలో ఆగాయో తెలియదు, అందుకే ‘వాడారు’ అనవచ్చు గానీ ‘ఎప్పుడు’ అనలేరు. మీ గుండు తేదీని నమూనా తీసేవాళ్ల చేత ఫారం మీద రాయించుకోండి.